నల్గొండ అనే బకెట్టు

పోలీసు ఆఫీసుల కాగితం నింపుకుంట
ఇంటిపేరు కాడ పల్లంగ్యో అని రాసింది.
రైటరు రెండుసార్లు చదివి నా మొఖం చూసిండు.
"నీరు పల్లమెరుగు అంటరు గద సార్, ఆ పల్లమే" అన్న.
నవ్విండు. ముద్ర పడ్డది.
రోజుకు ఎనిమిది నూర్ల దుబాసీని,
మొదటి రోజు కూలి ఆ ఒక్క మాటకే గిట్టింది.

నీమా వాళ్లది మేరు కొండ కింద ఊరు.
మేరువు పురాణంలనే ఉంటదనుకున్న ఇన్నాళ్లు.
దాని కింద అరటితోటలున్నయట, బడి ఉన్నదట,
బడి వసారాల మూతబెట్టిన బకెట్టు ఒకటి.
పటిక, సున్నం వేసి కట్టెతోటి కలిపి
రాత్రంత కదిలియ్యకుండ ఉంచితే
తెల్లారి పైన తేరిన నీళ్లు పిల్లలకు.
ఆ బకెట్టు పేరు నల్గొండ.

నల్గొండ నిండిందా, నల్గొండ కడిగినవా,
నల్గొండ మీద మూత పెట్టు, ఈగలు వాల్తయి—
గట్ల పెరిగింది.
అది ఊరని తెల్వదు ఆమెకు పదిహేనేండ్లొచ్చేదాక.
ఇప్పుడు గడియారం సెంటర్ల నిలబడి
బస్సు మీద, బ్యాంకు మీద, మటన్ దుకాణం మీద
బకెట్టు పేరే చదువుకుంట
ఆగకుండ నవ్వుతది,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని.

కిరాయికి ఏడిండ్లు తిరిగినం.
"మనిషి మంచిదే గని..." అన్నరు ఏడిండ్లోళ్లు.
ఆ 'గని' తర్వాతది నేను తర్జుమా చెయ్యలే.
ఆమె అడగలే.
ఎనిమిదోది ఇద్దమ్మ ఇల్లు. ఏం తింటవని మాత్రం అడిగింది.
మక్కపిండి వండి చూపెట్టింది నీమా,
వాళ్ల దిక్కు ఉగాలి అంటరట.
ఇద్దమ్మ వేలుతోటి నొక్కి చూసి
గట్క గింత గట్టిగ చేస్తరానే అని కసిరింది.
ఇల్లు దొరికింది.

రాత్రి తొమ్మిదింటికి నేను సీసాలు మెట్ల మీద దించుతుంటే
వాళ్లమ్మతోటి ఫోన్ల మాట్లాడుతుంటది.
అక్కడ అప్పుడే దీపాలు పెట్టే యాళ్ల.
నాకు దొరికే ముక్క ఒకటే: మాజి.
మాజి అంటే నీళ్లు.
మా దిక్కు మాజీ అంటే సర్పంచు.

మర్రిగూడ అవతల పాత బోరింగు.
ఇప్పుడు కృష్ణ నీళ్లొస్తున్నయి, నల్లా తిప్పితే చాలు.
ఎముకలకు ఆ కబురు ఎవ్వరు చెప్పలే.
ముత్తిలింగం తాత మెడ తిరగక
మనిషినంత తిప్పి చూస్తడు.
"మస్తుమంది వచ్చిండ్రు. ఫొటోలు తీసిండ్రు,
ఉచ్చ గూడ సీసాలల్ల పట్టుకపోయిండ్రు.
ఒక్కలన్న మళ్ల రాలే. ఈమె గూడ గంతే."

చెప్పాల్నా వద్దా అని నేను నాలుక కొరుక్కుంటుంటే
ఆమె చెయ్యి దించి నవ్వింది.

గోధుమరంగు చారలు. అంచులకు గుంటలు.
మా బడి ఫొటోల అందరి పండ్లు.

తాత అరుగు మీద ఇంత ముందుకు జరిగిండు.
"ఏ ఊరు బిడ్డా మీది?
నాంపల్లి దిక్కా, చండూరు దిక్కా?"

నావి తెల్లటి పండ్లు.
కొలువు ఇంటర్వ్యూ ఉన్నదని
పట్నంల ముప్పై వేలు పోసి తొడిగించుకున్నవి.
కొలువు రాలే, అప్పు నిరుడు తీరింది.
ఇక్కడికి నాలుగు కిలోమీటర్ల అవతల పుట్టినోన్ని,
నన్ను పట్నం సారు అంటడు తాత.

ఏమన్నడని కండ్లతోటి అడిగింది.
ఏ ఊరు అంటున్నడు, అన్న.
సీసా మూత బిగించుకుంట జరసేపు ఆలోచించింది.
"నల్గొండ అని చెప్పు."

చెప్పిన.
తాత తలకాయ ఊపలేడు గనక చెయ్యి ఊపిండు.

బోరింగు కొట్టమన్నది. కొట్టిన.
మొదలు గాలి, తర్వాత తుప్పు,
తర్వాత నీళ్లు,
అద్దమసొంటి నీళ్లు.